రెండేళ్ల అబద్ధం

పల్లంరాజును పోలీసులు తీసుకుపోయి ఆ శనివారానికి పద్దెనిమిది రోజులు.

గోదారికి వరద ఎర్రనీరు తగిలిన మొదటి వారంలోనే, ఊరి బల్లరేవులో పులస చేపల కోసం కట్టిన వలల దగ్గర గొడవ జరిగింది. చేపల కాంట్రాక్టరు మనిషి వెంకన్న పడవేసుకుని వచ్చి వల తాళ్లు కోయబోయాడు. ఎదురు పడవలో ఉన్నది పల్లంరాజూ, వాళ్లమ్మ లోవలక్ష్మీ. తెడ్డు దెబ్బ తలకి తగిలి వెంకన్న నీళ్లలో పడ్డాడు. మూడో రోజు ఆసుపత్రిలో ప్రాణం పోయింది. పోలీసులు రేవులోకి దిగీ దిగగానే, "నేనే కొట్టానండి" అని పల్లంరాజు ఒప్పేసుకున్నాడు. బడి సర్టిఫికెట్ ప్రకారం వాడికి పంతొమ్మిదేళ్లు. పెద్దవాళ్ల జైలుకి పంపేశారు.

ఆ సర్టిఫికెట్‌లో ఉన్న తేదీ అబద్ధమని తెలిసిన మనిషి ఊళ్లో ఒక్కరే. పద్నాలుగేళ్ల కిందట దాన్ని తన చేత్తో రాసిన రత్నమాణిక్యం టీచరు.

ఈ పద్దెనిమిది రోజులూ ఆవిడ బడికి వెళ్తూనే ఉంది, ఎక్కాలు చెప్తూనే ఉంది. హాజరు పిలిచేటప్పుడు మాత్రం పేర్ల మీంచి తలెత్తేది కాదు. దారిలో పడవల వాళ్లు ఎదురైతే పక్కకి తప్పుకునేది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో మాత్రం సందడిగా ఉంది. ఆవిడ ఒక్కగానొక్క కూతురు శ్రీదుర్గకి డీఎస్సీలో టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం ఏలూరులో సర్టిఫికెట్లు చూపించాలి. లోపలి గదిలో మంచం నిండా కాగితాలు పరుచుకుని జిరాక్సులకి పిన్నులు కొడుతోంది ఆ పిల్ల. సన్నగా ఏదో పాట పాడుకుంటోంది కూడా. తండ్రి అప్పాజీ పోయిన ఈ ఆరేళ్లలో ఆ ఇంట్లో పాట వినపడటం అదే మొదలు.

గేటు చప్పుడైంది. కొవ్వూరు నుంచి వచ్చిన పల్లంరాజు తరపు లాయరు యెహెజ్కేలు స్కూటరు దిగుతున్నాడు. వెనక సీటు మీంచి దిగి, తడిసిన చీర కుచ్చిళ్లు దులుపుకుంటోంది లోవలక్ష్మి.

రత్నమాణిక్యం కుర్చీ జరిపింది, మంచినీళ్లు తెచ్చింది. లాయరు కుర్చీలో కూర్చున్నాడు. లోవలక్ష్మికి ఎంత చెప్పినా కుర్చీ ఎక్కలేదు, అరుగు అంచున కూలబడింది.

"మిమ్మల్ని ఇబ్బంది పెట్టడానికి రాలేదండి టీచర్ గారూ," అన్నాడు యెహెజ్కేలు, గ్లాసు కింద పెట్టి. "ఒక్క సంగతి అడిగి వెళ్లిపోతాను. నిన్నమొన్నటిదాకా మగపిల్లాడికి పదహారు నిండితే కోర్టు పెద్దవాడి కిందే చూసేదండి. ఆడపిల్లకైతే పద్దెనిమిది. మొన్న ఏప్రిల్ నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఆడైనా మగైనా పద్దెనిమిదే. అది నిండకపోతే జైలుకి పంపకూడదు, పిల్లల హోముకి పంపాలి. విచారణ కూడా పిల్లల బోర్డు ముందే. రెండు మూడేళ్లలో ఇంటికొచ్చేస్తాడు. అదే పెద్దవాడని తేలితే... హత్య కేసండి. మీకు నేను చెప్పక్కర్లేదు."

"ఎక్స్‌రే తీశారని విన్నాను."

"తీశారు. పదిహేడుకీ పంతొమ్మిదికీ మధ్య అని రాశాడు డాక్టరు. దాన్ని పట్టుకుని నేనేం వాదించనండీ? అలాంటప్పుడు జడ్జిగారు బడి రికార్డు చూస్తారు. అందులో ఏముందో మీకు తెలుసు. పదిహేను, ఆరు, ఎనభై రెండు."

ఆ అంకెలు ఆయన కాగితం చూడకుండా చెప్పాడు. ఆవిడకీ కాగితం అక్కర్లేదు. నల్లసిరా కలంతో, గుండ్రటి తన అక్షరాలతో రాసిన ఆ వరస కళ్లముందే ఉంది. కింద సంతకం పెట్టిన హెడ్మాస్టరు ఎప్పుడో పోయాడు. అంటే ఆ రాత గురించి చెప్పగలిగింది ఇక తనొక్కతే.

"నాకు అంకెలు తెలవ్వండి బాబుగారూ," అంది లోవలక్ష్మి తల పైకెత్తకుండానే. "కానీ మావోడు ఎప్పుడు పుట్టాడో మాత్రం తెలుసండి. అమ్మగారు కొవ్వూరు ఆసుపత్రిలో కని, పదకొండో రోజుకి పాపాయిని తీసుకుని పడవ దిగారండి. పురుడని ఇంటి ముందు సన్నాయి ఎట్టించారు అయ్యగారు. ఆ సన్నాయి వింటా ఉండగానే నాకు నొప్పులొచ్చేసినియ్యి. పొద్దుగూకేలోపే వీడు బైటపడ్డాడు. అమ్మగారి పాపకీ మావోడికీ పదకొండు రోజులే తేడా అండి, ఆయ్."

యెహెజ్కేలు జేబులోంచి కలం తీస్తూ మధ్యలో ఆగిపోయాడు.

"ఈ మాట నాకు ఇన్నాళ్లూ చెప్పలేదేంటమ్మా?"

"మీరడగలేదు కదండీ. సంవత్సరం చెప్పమన్నారు. నాకు సంవత్సరం ఎక్కడ తెలుసండీ?"

లాయరు టీచరు వైపు తిరిగాడు. ఆయన ముఖంలో కొత్త ఆశ కనపడుతోంది. "అయితే మీ అమ్మాయి పుట్టినట్టు మున్సిపాలిటీ వాళ్ల కాగితం ఉండే ఉంటుంది కదండీ. మనకి అది చాలు. ఏ సంవత్సరం టీచర్ గారూ?"

లోపలి గదిలో పాట ఆగింది.

ఎనభై రెండు అంటే చాలు. ఆ మాట నాలిక చివరదాకా వచ్చేసింది. లాయరు స్కూటరెక్కి వెళ్లిపోతాడు. సోమవారం శ్రీదుర్గ ఏలూరులో ఉద్యోగం కాగితం అందుకుంటుంది. ఎవరికీ ఏమీ తెలీదు. రత్నమాణిక్యం చూపు లోవలక్ష్మి చేతుల మీద పడింది. వలతాళ్లు కోసిన గీతలు అరచేతుల నిండా నల్లగా ఉన్నాయి.

"గుర్తు... గుర్తు లేదండి," అంది.

కన్నతల్లికి కూతురు పుట్టిన సంవత్సరం గుర్తు లేకపోవడం ఏమిటో ఆయన అడగలేదు. కలం జేబులో పెట్టుకుని లేచాడు.

"సోమవారం పదిన్నరకి కొవ్వూరు కోర్టులో వాయిదా అండి. ఆ రోజు దాటిందంటే కేసు సెషన్స్ కోర్టుకి వెళ్లిపోతుంది. తరవాత వయసు గురించి మొరపెట్టుకోవచ్చు గానీ, ఆ లోపల వాడు పెద్దవాళ్ల మధ్యే నెలలకి నెలలు ఉండాలి. నేను మొన్న వెళ్లి చూశాను. మాట్లాడటం మానేశాడు. అంతకంటే నేనేం చెప్పలేనండి."

ఆయన గేటు దాటి స్కూటరు దగ్గర నిలబడ్డాడు. లోవలక్ష్మి కదల్లేదు.

"అమ్మగారూ," అంది మెల్లగా. "బడిలో ఆ రాత మీరు రాసిందేనంట కదండీ?"

"అవును."

"అప్పుడు మావోడికి మూడేళ్లండి. లాగు కూడా లేదు. మీరే మా ఇంటికొచ్చి అడిగారు. నువ్వు చేపల గంప ఎత్తుకుని రాజమండ్రి ఎళ్లిపోతే పిల్లాణ్ణి ఎవరు చూస్తారు, బడిలో నా పక్కన కూచోబెట్టుకుంటానన్నారు. ఎంత మంచి మనసో అనుకున్నానండి. ఇన్నేళ్లూ అందరితోనూ అదే చెప్పుకుంటన్నాను."

ఆ గొంతులో నిష్ఠూరం కూడా లేదు. రత్నమాణిక్యం ఇక ఆపుకోలేకపోయింది.

"మంచి మనసూ కాదు, ఏమీ కాదు లోవలక్ష్మీ. ఆ ఏడాది బడిలో పిల్లలు తగ్గిపోయారు. ఇంకో పదిమందిని చూపించకపోతే రెండో పోస్టు తీసేస్తామన్నారు. తీసేస్తే నన్ను ఏజెన్సీకి మార్చేస్తారు. పసిపిల్లని పెట్టుకుని ఆ కొండల్లోకి ఎలా వెళ్లను? ఆయనకి అప్పటికే ఒంట్లో బాగుండేది కాదు. ఊరంతా తిరిగి దొరికిన పిల్లల్నల్లా చేర్చేశాను. మూడేళ్ల వాళ్లందరికీ ఐదేళ్లు రాసేశాను. పదకొండు మందికి. తల్లులకి చదువు రాదు కదా, ఎవరు అడుగుతారులే అనుకున్నాను."

చెప్పేశాక గుండె తేలికపడుతుందనుకుంది. పడలేదు.

లోవలక్ష్మి చీర చెంగు భుజం మీదికి లాక్కుని లేచింది.

"మరైతే సోమారం వస్తారాండి?"

అంతే అడిగింది. జవాబు కోసం ఆగకుండా గేటు దాటి వెళ్లిపోయింది.

*

రత్నమాణిక్యం వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో శ్రీదుర్గ నిలబడి ఉంది. చేతిలో టెన్త్ మార్కుల మెమో.

"పదకొండో పేరు నాదేనా?"

"దుర్గా..."

"నాకెన్నేళ్లమ్మా?"

ప్రతి మాఘమాసంలోనూ ఆ పిల్లకి తలంటి, పరమాన్నం చేసి పెట్టింది. తిథి తప్పలేదు. ఏడాది మాత్రం ఎప్పుడూ నోటితో చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలి.

"పదిహేడు. వచ్చే మాఘానికి పద్దెనిమిది నిండుతాయి."

శ్రీదుర్గ గోడకి ఆనుకుంది. "ఉద్యోగానికి పద్దెనిమిది నిండి ఉండాలి," అంది. ఎవరికో పాఠం ఒప్పజెప్తున్నట్టు ఉంది ఆ గొంతు. "నేను బడిలో అందరికంటే పొట్టి. అందరికంటే వెనక పెద్దమనిషినయ్యాను. నాలో ఏదో లోపం ఉందనుకుని ఎన్నిసార్లు ఏడ్చానో నీకు తెలుసా? ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా నీకు?"

"భయమేసిందే."

"ఇప్పుడు వెయ్యట్లేదా?"

"ఇంకా ఎక్కువేస్తోంది."

శ్రీదుర్గ ఒక్కసారిగా దగ్గరికొచ్చి తల్లి రెండు భుజాలూ పట్టుకుంది. "అమ్మా, ఒక్క ఏడు నెలలు. ఏడు నెలలు ఆగి చెప్పు. అప్పటికి నాకు నిండిపోతాయి. లాయరుగారు అన్నారు కదా, తరవాత కూడా మొరపెట్టుకోవచ్చని. నాన్న ఉంటే ఏమనేవారో ఆలోచించు. నీ ఉద్యోగం కూడా పోతుంది. ఇద్దరం ఏం తిని బతుకుతాం?"

ఆ మాటలో తప్పేమీ కనపడలేదు రత్నమాణిక్యానికి. ఏడు నెలలంటే ఎంత? కళ్లు మూసి తెరిస్తే అయిపోతాయి. ఇంట్లో ఉన్నవాళ్లకి. వెంటనే పల్లంరాజు గుర్తొచ్చాడు. మూడేళ్లప్పుడు తన పక్కనే చాప మీద కూచుని, నిద్రొస్తే తన చీర అంచు పట్టుకుని పడుకునేవాడు. వాడు ఆ వైపు, శ్రీదుర్గ ఈ వైపు. వాడు మాట్లాడటం మానేశాడన్నాడు లాయరు.

"ఆ కుర్రాడు నీ ఈడువాడు దుర్గా. నిన్ను తీసుకెళ్లి ఆ జైల్లో పడేస్తే నేను ఏడు నెలలు ఆగుతానా?"

"నన్నెందుకు పడేస్తారు? నేనెవర్నీ చంపలేదు!" అని అరిచింది శ్రీదుర్గ. అన్న మరుక్షణమే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆదివారమంతా ఆ పిల్ల లోపలి గది తలుపు తియ్యలేదు.

*

సోమవారం పొద్దున ఇద్దరూ ఒకే షేరు ఆటో ఎక్కారు. మధ్యలో కూరగాయల బుట్టతో ఎవరో ముసలావిడ కూర్చుంది. ఏటిగట్టు మీద ఆటో గెంతుతోంది. పక్కన గోదారి కుంకుమ కలిపినట్టు ఎర్రగా, నిండుగా పోతోంది. రత్నమాణిక్యం చేతిసంచీలో మున్సిపాలిటీ కాగితం ఉంది. శ్రీదుర్గ ఒళ్లో సర్టిఫికెట్ల ఫైలు ఉంది.

కొవ్వూరు స్టేషను దగ్గర శ్రీదుర్గ దిగింది. ఏలూరు వెళ్లే పాసింజరు వచ్చే వేళయింది. నాలుగడుగులు వేసి, మళ్లీ ఆటో దగ్గరికి వచ్చింది.

"నువ్వు చెప్పేది నువ్వు చెప్పుకో," అంది తల్లి ముఖంలోకి చూడకుండా. "నేను చూపించేది నేను చూపిస్తాను."

"వద్దు దుర్గా. తెలిశాక చూపించడం వేరు..."

పిల్ల అప్పటికే స్టేషను మెట్లెక్కేసింది. ఆటోవాడు హారను కొట్టాడు. వెనక్కి పిలవాలా, వెంట పరిగెత్తాలా? పదిన్నరకి పావుగంట తక్కువ. "పోనియ్యి బాబూ," అంది రత్నమాణిక్యం.

కోర్టు హాల్లో ఫ్యాను గరగరలాడుతోంది. బోనులో పల్లంరాజును చూసి ఆవిడ గుర్తుపట్టలేకపోయింది. తల గొరిగేశారు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. వాడు ఎవరివైపూ చూడటం లేదు. తన కాలి బొటనవేలినే చూసుకుంటున్నాడు.

యెహెజ్కేలు అడిగిన వాటికి ఆవిడ ఒక్కొక్కటిగా చెప్పింది. బడిలో పిల్లలు తగ్గిపోయిన సంగతి, ఇల్లిల్లూ తిరిగిన సంగతి, పదకొండు పేర్లు. తొమ్మిదో పేరు పల్లంరాజు. నిజంగా పుట్టింది ఎనభై నాలుగు ఫిబ్రవరిలో. మాట తడబడినప్పుడల్లా సాక్షి బోను కర్ర గట్టిగా పట్టుకుంది.

ప్రభుత్వం తరపు లాయరు లేచాడు.

"గవర్నమెంటు రిజిస్టర్లో అబద్ధం రాశానని మీరే ఒప్పుకుంటున్నారు. ఇవాళ చెప్పేది మాత్రం నిజమని మేమెలా నమ్మాలండీ?"

"కాగితం ఉందండి. నా కూతురు పుట్టిన కాగితం. ఆ పిల్ల పుట్టిన పదకొండో నాడు వీడు పుట్టాడు."

"అంటే ఆ పదకొండు మందిలో మీ అమ్మాయి కూడా ఉందా?"

"ఉందండి. ఆఖరి పేరు."

"మీ అమ్మాయి ఇప్పుడేం చేస్తోంది?"

గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. ఈపాటికి పాసింజరు ఏలూరు చేరి ఉంటుందా? లైన్లో నిలబడి ఉంటుందా? ఫైలు ఇచ్చేసి ఉంటుందా?

"చెప్పండమ్మా," అన్నారు జడ్జిగారు.

"టీచరు ఉద్యోగానికి... సెలక్టయిందండి. ఇవాళే ఏలూరులో సర్టిఫికెట్లు చూపించాలి." జడ్జిగారి వైపు తిరిగింది. "దానికి పద్దెనిమిది నిండలేదండి. తప్పు దానిది కాదు, నాది. నేను చెప్పకపోతే దానికి మొన్నటిదాకా తెలీదు."

ప్రభుత్వం లాయరు ఇంకేదో అడగబోయి, కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు. జడ్జిగారు మున్సిపాలిటీ కాగితాన్ని రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూశారు. చాలాసేపు రాసుకున్నారు.

"వయసు సంగతి గురువారం తేలుస్తాం," అన్నారు కళ్లజోడు తీసి. "అప్పటిదాకా ఈ అబ్బాయిని పెద్దవాళ్ల మధ్య ఉంచడానికి వీల్లేదు. ఈ పూటే హోముకి మార్చండి. ఈ టీచరుగారి వాంగ్మూలం కాపీ విద్యాశాఖకి పంపించండి."

లోవలక్ష్మి గుంపులోంచి దూసుకొచ్చి, బోను దిగుతున్న రత్నమాణిక్యం చెయ్యి పట్టుకుంది. పట్టుకుని కళ్లకద్దుకుంది. వదల్లేదు. ఇద్దరూ అలాగే వరండాలోకి వచ్చారు. ఇక తన ఉద్యోగం లేదని రత్నమాణిక్యానికి తెలుసు. కూతురు మళ్లీ తనతో మాట్లాడుతుందో లేదో తెలీదు. అయినా చాలా రోజులకి గుండెల నిండా గాలి పీల్చుకోగలిగింది.

పల్లంరాజును వ్యాను దగ్గరికి నడిపించుకొస్తున్నాడు కానిస్టేబులు. వరండా మెట్ల దగ్గరికి రాగానే వాడు ఆగిపోయాడు. మొదటిసారి తలెత్తాడు.

"ఎందుకు చెప్పారండీ టీచర్ గారూ?"

"అదేంట్రా! హోములో అయితే రెండు మూడేళ్లే. చదువుకోవచ్చు కూడా..."

"నాకు తెలుసండి. కానీ అక్కడ బోర్డోళ్లు ఉంటారంటండి. పిల్లల్ని కూచోబెట్టి ఏం జరిగింది, ఎలా జరిగిందని మెల్లమెల్లగా అడుగుతారంట. జైల్లో కుర్రాడొకడు చెప్పాడండి. పోలీసోళ్లయితే నేనే కొట్టాననగానే రాసేసుకున్నారు." కానిస్టేబులుకి వినపడకుండా గొంతు తగ్గించాడు. "అన్ని రోజులు అడిగితే నేను దాచలేనండి. ఆ తెడ్డు నా చేతిలో లేదండి."

"పదరా," అని కానిస్టేబులు భుజం పట్టి లాగాడు. వ్యాను తలుపు మూసుకుంది.

రత్నమాణిక్యం పక్కకి తిరిగింది. కోర్టు హాల్లోంచి వచ్చినప్పటి నుంచీ పట్టుకునే ఉన్న ఆవిడ చేతిని లోవలక్ష్మి వదిలేసి, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తోంది.